మింగుడుపడని పాట

పాట చచ్చిపోయినప్పుడు ఎవరూ పేపర్లో వెయ్యలేదు. ఊరేగింపు లేదు, సంతాపసభ లేదు. యంత్రాలు పాడటం నేర్చుకున్నాయి, అంతే. ఎవరికి కావాల్సిన పాట వాళ్ళకి క్షణంలో వండి పెట్టాయి. అపశ్రుతి లేదు, తడబాటు లేదు, ఊపిరి చప్పుడు కూడా లేదు. మొదట్లో జనం ఎగబడి విన్నారు. తర్వాత వింటూ వింటూ మధ్యలో ఆపెయ్యడం మొదలుపెట్టారు. ఎందుకాపావని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉప్పు లేని పప్పు ఎందుకు వదిలేశావంటే ఏం చెప్తాడు ఎవడైనా?

పాటల కంపెనీకి మాత్రం భయం పట్టుకుంది. శంకర్‌పల్లి రోడ్డు మీద ఒక లాబు కట్టించి, డాక్టర్ శశిభూషణ్ అనే ఆయన్ని దానికి పెద్దని చేసి, జనం చెవులకి ఏం రోగమొచ్చిందో కనుక్కోమంది. ఆయన అద్దాల గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి రకరకాల పాటలు వినిపించాడు. తలలకి తీగలు తగిలించాడు, వేళ్ళకి క్లిప్పులు పెట్టాడు. తెర మీద గీతలు లేచాయి, పడ్డాయి. ఏమీ తేలలేదు. తేల్చింది ఆ గదిలో మైకులు సర్దే షారోను.

ఆమె తెర చూడలేదు. మనుషుల్ని చూసింది. ఒక రోజు ఏదో ఖాళీ పూరించడానికి తన ఇంటి నుంచి తెచ్చిన పాత రికార్డు పెట్టింది. అమెరికాలో నల్లజాతి ఆడమనిషి ఎవరో పాడిన పాట. సోల్ అంటారు దాన్ని, ఆత్మ అని అర్థం. ఆ జనం చర్చిలో పాడుకునే పాటని వీధిలోకి తెచ్చారు. దేవుణ్ణి ఎట్లా పిలిచారో, విడిచిపోయిన మనిషినీ అట్లాగే పిలిచారు. రికార్డు గరగరమంటోంది. గదిలో ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా పాట ఒక చోటికి రాగానే అందరూ ఒక్కసారే గొంతు సవరించుకున్నారు. ముసలాయనా, కాలేజీ పిల్లా, గేటు దగ్గరి వాచ్‌మనూ. మళ్ళీ పెడితే మళ్ళీ అక్కడే.

ఆ చోట పాడే మనిషి ఊపిరి తీసుకోబోయి ఏడుపు మింగింది. కనురెప్ప కొట్టేంత సేపు కూడా కాదు. చెవికి అందదు. వినేవాడి గొంతుకి అందుతుంది. అక్కడ ఆమె మింగితే ఇక్కడ వీడి గొంతు కూడా మింగుతుంది. దానికి శశిభూషణ్ ఒక పొడుగాటి పేరు పెట్టి విదేశీ పత్రికల్లో రాసుకున్నాడు. లాబులో మాత్రం అందరూ మింగుడు అనేవాళ్ళు.

మింగుడు యంత్రం చేత చేయించబోయారు. అంతే ఎడం, అంతే మోతాదు, అంతా కొలిచి పెట్టారు. ఒక్క గొంతూ కదల్లేదు. ఎందుకో ఎవరికీ తెలీదు. తెలిసినట్టు శశిభూషణ్ ఇంకో వ్యాసం రాశాడు. ఇక బతికున్న మనుషుల్లో ఆ గొంతున్నవాళ్ళని వెతికి పట్టుకోవడం ఒక్కటే దారి. దానికోసం చేసిందే పోగు. చెవి వెనక పెట్టుకునే చిన్న బిళ్ళ. అది పాట వినదు. పెట్టుకున్న మనిషి గొంతు కనిపెట్టి చూస్తుంది. ఆ గొంతు మింగగానే ఎముక మీద టక్కుమని కొడుతుంది. అప్పుడు దాన్ని బొటనవేలితో నొక్కితే ఆ పాట లాబుకి చేరుతుంది. చాలామంది చెవులకి పెట్టి చూశారు. కొందరికి సినిమా పాటకీ కొట్టింది, కొందరికి తద్దినం మంత్రాలకీ కొట్టింది. ఒక్క షారోను దగ్గరే అది అబద్ధం చెప్పలేదు.

పోగు ఆమెనే ఎందుకు ఎంచుకుందో అప్పుడు ఎవరూ అడగలేదు.

షారోను లాలాగూడ రైల్వే క్వార్టర్సులో పెరిగింది. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆ రికార్డులు ఆయనవే. పక్కింటి ఆంగ్లో ఇండియన్ గార్డు ఊరు విడిచి పోతూ ఇచ్చిపోయాడు. నాన్న చేతులకి గ్రీజు కడుక్కుని, లుంగీ కట్టుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని వినేవాడు. అర్థమైందా నాన్నా అంటే, "మన చర్చిలో ముసలాళ్ళు ఏడ్చినట్టే ఉంది గదమ్మా, అర్థం కాకపోవడానికేముంది" అనేవాడు. ఆయన పోయినప్పుడు షారోను సమాధి దగ్గర పిడికెడు మట్టి వేసి, లాబులో పని ఉందని అటు నుంచి అటే వెళ్ళిపోయింది. మట్టి వేశాక ఇంట్లో జరిగే ఆదరణ కూడికకి ఆగలేదు. చెల్లెలు జెమీమా అది మర్చిపోలేదు.

తర్వాత ఆమె బతుకంతా బస్సులూ లాడ్జీలే. పాటల పోటీలకి వెళ్ళింది, సంగీత పాఠశాలలకి వెళ్ళింది, జాతరలకి వెళ్ళింది. కంపెనీ పచ్చి గొంతు కోసం వెతుకుతోందని ఎట్లాగో పొక్కింది. ఇంకేముంది, గొంతులు గీరుకున్నవాళ్ళంతా లైను కట్టారు. ఒకడు పచ్చిమిరపకాయ నమిలి వచ్చి పాడాడు. ఒకమ్మాయి అరిచి అరిచి గొంతు పుండు చేసుకుంది. ఇంకొకడు పాట మధ్యలో వెక్కడం అద్దం ముందు నేర్చుకున్నాడు. పోగు నిద్రపోయింది. ఒక లారీ డ్రైవరు దగ్గర మాత్రం కొట్టింది. కోటిలింగం అని, పాలపొంగులాంటి మనిషి, తోడబుట్టినవాడితో మాటల్లేక కుమిలిపోయేవాడు. లాబుకి తెచ్చి పాడించారు. అంతలో తమ్ముడు వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. ఆ వారంలోనే కోటిలింగం గొంతులోంచి మింగుడు మాయమైంది. శశిభూషణ్ ముందూ వెనకా గీతలు పక్కపక్కన పెట్టి చూసి, అతన్ని ఇంటికి పంపించేశాడు.

ఇంత వెతుకులాటలో షారోనుకి ఇంకో సంగతి జరిగింది. మామూలు గొంతులు ఆమెకి చేదెక్కాయి. హోటల్లో సర్వరు మాట, బస్సులో పక్కసీటు మనిషి మాట, అన్నీ గోడవతల మాటల్లా వినపడేవి. జెమీమా ఎప్పుడైనా ఫోను చేస్తే వార్తలు చదువుతున్నట్టుండేది. షారోను ఊఁ కొట్టేది. అవతల జెమీమా కూడా ఆ ఊఁలో ఏమీ లేదని కనిపెట్టి పెట్టేసేది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషితో మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

దీవెనమ్మ దొరికింది ఒంగోలుకి అవతల, నల్లరాతిపాలెంలో.

ఆ ఊళ్ళో పొలాల కంటే గోతులెక్కువ. నల్లరాయి కోసి విమానాశ్రయాల్లో పరుస్తారు, దేవుళ్ళ గుళ్ళలో పరుస్తారు, చచ్చిపోయిన గొప్పవాళ్ళ సమాధుల మీద పరుస్తారు. పనికిరాని రాయి తెచ్చి పల్లె పక్కన పోస్తారు. అదే డంపు. పోసీ పోసీ అది కొండైంది. పల్లెకి పొద్దు అటునుంచే పొడవాలి గనక అక్కడ తెల్లారడం కూడా ఆలస్యమే.

ఆదివారం ఆరాధనలో షారోను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. ముందు వరసలో ముప్పై ఏళ్ళ మనిషి, చేతులకి రాతిపొడి గీతలు, పాట ఎత్తుకుంది. *వాకిలి తీసే ఉంచాను ప్రభువా, నీ అడుగుల చప్పుడేదయ్యా.* చప్పుడు అన్న మాటకి ముందు ఊపిరి తీసుకోబోయింది. పోగు ఎముక మీద కొట్టింది. కొట్టడం కాదు, గుద్దింది. షారోను కళ్ళ ముందు చర్చి గోడలు తడిసిపోయాయి. నొక్కడం కూడా మర్చిపోయింది.

ఆరాధన అయ్యాక చింతపులుసు వాసన వేసే వాళ్ళ వంటింటి గుమ్మంలో కూర్చుని, కంపెనీ మనిషినని చెప్పుకుంది. దీవెనమ్మ అత్త ఎస్తేరమ్మ లోపల కారం దంచుతోంది. షారోను అలవాటు మాటే అడిగింది. ఎక్కడికెళ్ళినా అడిగే మాటే.

"మీరు పాడితే ఇక్కడ ఆదరణ ఎట్లా ఉంటుందండీ?"

లోపల రోకలి ఆగింది. దీవెనమ్మ మొహం ఎత్తి చూసింది.

"ఆదరణ జరగలా," అంది. "మట్టే వెయ్యలేదు గదా. ఇంక ఆదరణేంది?"

లాబులో ఆదరణంటే ఎంతమంది విన్నారని. పల్లెలో ఆదరణంటే మనిషిని మట్టిలో పెట్టాక ఇంటికి నలుగురూ చేరి, పాడి, ప్రార్థించి, ఏడ్చినవాళ్ళ కళ్ళు తుడిచి, అన్నం తినిపించే కూడిక. అది తెలియని మనిషి కాదు షారోను. అట్లాంటి కూడికల్లో చాపలు పరిచిన మనిషే. అయినా ఆ మాట కంపెనీ మాటై ఆమె నోట్లో పడిపోయింది. అక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

దీవెనమ్మ మొగుడు ఏలియా క్వారీలో డ్రిల్లు మనిషి. కిందటి వానాకాలం డంపు జారి అతని మీద పడింది. మిగతావాళ్ళు పారిపోయారు, అతను పారిపోలేకపోయాడు. యజమానులు వచ్చారు, చూశారు. తవ్వితే ఇంకా జారుతుందన్నారు. మర్నాటి నుంచి దాని మీదే మళ్ళీ రాయి పోశారు. అది చెప్పినప్పుడు దీవెనమ్మ గొంతులో వణుకు లేదు. చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాట.

"పేరు పెట్టినప్పుడే అనుకోవాల్సింది," అని లోపల్నుంచి ఎస్తేరమ్మ అందుకుంది. "బైబిల్లో ఆ ఏలియా ప్రవక్తని ఎతికితే శవం దొరికిందా? నా కొడుకూ అంతే. ఆయన పైకి పోయాడు, ఈడు కిందికి పోయాడు. అదే తేడా."

పాష్టరు గారు శవం లేకపోయినా ఆదరణ పెట్టుకోవచ్చన్నాడట. దీవెనమ్మ ఒప్పుకోలేదు. "పిడికెడు మట్టి నా చేత్తో వెయ్యకుండా ఎవరు ఆదరిస్తే మాత్రం ఏంది? ఆయన మీద వాళ్ళు కొండేశారక్కా. నేనింకేం వెయ్యను?" అంది. తర్వాత షారోనుని ఎగాదిగా చూసి సూటిగా అడిగింది. "నేను వచ్చి పాడతా. మీ వాళ్ళు పెద్దోళ్ళు గదా. డంపు తవ్విస్తారా?"

షారోను ఫోనులో శశిభూషణ్‌ని అడిగింది. తప్పకుండా మాట్లాడదామన్నాడు ఆయన. ఆ మాట నమ్మి దీవెనమ్మ బస్సెక్కింది.

లాబు చూసి ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఏసీ గదిలోకి అడుగుపెట్టి, "ఆస్పత్రిలో శవాల గది కూడా ఇంతే చల్లగుంటదక్కా" అంది. మైకు ముందు బిగుసుకుపోలేదు. మెడకి గొంతు కొలిచే పట్టీ కట్టబోతే, తాళి తీసినప్పుడే మెడకేదీ కట్టనని ఒట్టేసుకున్నానంది. అద్దం అవతల కూర్చున్నవాళ్ళు మొదటి పాటకే గొంతులు సవరించుకున్నారు. రెండో పాటకి ఒకావిడ లేచి బయటికెళ్ళి తన కొడుక్కి ఫోను చేసింది. ఎన్నో ఏళ్ళుగా మాట్లాడని కొడుకు. ఆ కబురు విని శశిభూషణ్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. చెడ్డవాడు కాదు ఆయన. ఆయనకి కావాల్సింది గొంతు. గొంతు వెనక మనిషి ఉంటుందని ఆయనకి ఎవరూ నేర్పలేదు.

షారోనుకి ఆ రోజులు పండగలు. ఇద్దరూ లాబు వెనక క్వార్టరులో ఒకే గదిలో ఉండేవాళ్ళు. దీవెనమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి మాట్లాడుతూనే ఉండేది. డ్రైవర్ల మీద, మేస్త్రీల మీద, దేవుడి మీద. షారోనుకి వంట రాదని వెక్కిరించేది. "నీకు చెవులిచ్చి చేతులివ్వలేదేందక్కా దేవుడు" అనేది. అన్నం పెట్టమంటే పెట్టకుండా "ముందు నాలుగు మాటలు మాట్లాడు, అప్పుడు పెడతా" అని గిన్నె దాచేది. ఎన్నాళ్ళకో ఒక మనిషి మాట షారోనుకి మాటలా వినపడింది. డంపు సంగతి అడిగినప్పుడల్లా శశిభూషణ్ చూద్దాం అనేవాడు, షారోను ఆ చూద్దాన్ని తెచ్చి దీవెనమ్మకి ఇచ్చేది. ఇస్తున్నప్పుడు అది ఒట్టి మాటని తెలుసు. అయినా ఇచ్చేది. దీవెనమ్మ వెళ్ళిపోతుందేమోనన్న భయం.

డంపుని కంపెనీ తవ్వించలేదు. యజమానులు తవ్వించలేదు. వాన తవ్వింది.

ఆ పొద్దున దీవెనమ్మ అద్దాల గదిలో మైకు ముందుంది. ఆమె ఫోను షారోను చేతిలో ఉంది. ఎస్తేరమ్మ ఫోను చేసింది. రాత్రి వానకి డంపు ఒక పక్క కుంగిందనీ, రాళ్ళేరుకునే ఆడవాళ్ళకి డ్రిల్లు పక్కన ఎముకలు కనపడ్డాయనీ, తాము చేతుల్తోనే తీశామనీ చెప్పింది. "బూటు నేనే కొనిచ్చానమ్మా ఆడికి, గుర్తుపట్టా. రేపు మట్టిలో పెడతాం. దాన్ని బయలుదేరమను."

షారోను వెంటనే శశిభూషణ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత కోటిలింగం గీతలు తెర మీదికి తెచ్చాడు. పక్కనే దీవెనమ్మవి పెట్టాడు.

"మీకు తెలుసు గదా ఏం జరుగుతుందో," అన్నాడు. "మట్టి వేస్తుంది. వాళ్ళ కూడిక పెట్టుకుంటారు. అంతటితో అయిపోయింది. సగం పాటలే రికార్డయ్యాయి షారోన్ గారూ. పూర్తయ్యాక చెబుదాం. ఎముకలు ఎక్కడికీ పోవు."

"రేపు పెట్టేస్తామన్నారు సర్."

"వాళ్ళు పెట్టేస్తారు. ఆమె లేకుండా పెడితే," అని ఆగి, కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా పూర్తి చేశాడు, "గొంతుకి అది ఇంకా మంచిది."

షారోను బయటికొచ్చింది. వచ్చి ఏం చేసిందీ? నేరుగా వెళ్ళి దీవెనమ్మకి చెప్పిందా? లేదు. అద్దం అవతల తన కుర్చీలో కూర్చుంది. దీవెనమ్మ అదే పాట ఎత్తుకుంది. వాకిలి తీసే ఉంచాను. మొగుడు దొరికిన సంగతి తెలియని గొంతు ఆ అడుగుల చప్పుడు కోసం వెతుక్కుంటోంది. పోగు ఆగకుండా కొడుతోంది. షారోను తన జన్మలో అంత గొప్ప పాట వినలేదు. ఇంకొక్క పాట, ఇంకొక్కటి అనుకుంటూ భోజనాల వేళ దాకా వింది. శశిభూషణ్‌ని తిట్టుకోవడానికి కూడా నోరు రాలేదు. ఆయన గీతల కోసం ఆపాడు. తను ఎందుకు ఆపింది? ఆ గొంతు పోతే మళ్ళీ ఈ లోకంలో తనకి వినపడే మాట ఉండదని. అంతకంటే నీచం ఏముంది?

క్యాంటీన్‌లో టీ గ్లాసు ముందు పెట్టి చెప్పింది.

దీవెనమ్మ గ్లాసు ముట్టుకోలేదు. "ఎప్పుడు చేసింది అత్త?"

"పొద్దున."

"పొద్దున్నుంచి నాతో పాడించావా?"

షారోను ఆమె ఫోను తీసి గ్లాసు పక్కన పెట్టింది.

"ఆళ్ళు కొండేశారు," అంది దీవెనమ్మ. కోపంగా కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. "నువ్వు దాని మీద ఇంకో తట్ట పోశావు." లేచి నిలబడింది. "బస్సు ఎన్నింటికుందో కనుక్కో. నువ్వూ రా. ఆ మాట అత్తకి నువ్వే చెప్దువుగాని."

దారంతా మాట్లాడలేదు ఆమె. ఒంగోలు దాటాక మాత్రం సంచిలోంచి అరటిపండు తీసి, సగం విరిచి, షారోను వైపు చూడకుండా ఇచ్చింది.

మర్నాడు మట్టి వేశారు. చిన్న పెట్టె. ఎస్తేరమ్మ సంగతి విని షారోనుని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, చివర్న చేతిలో మట్టి పెట్టి, "నువ్వూ వెయ్యి, ఏం చూస్తావు" అంది. దీవెనమ్మ పిడికెడు తీసుకుని వెంటనే వెయ్యలేదు. వేళ్ళ మధ్య నలిపి చూసింది. రాతిపొడి లేని మట్టి. తర్వాత మెల్లిగా వదిలింది.

సాయంత్రం ఆ ఇంటి ముందే ఆదరణ పెట్టారు. పల్లెంతా వచ్చింది. అన్నం, గోంగూర, మాంసం కూర. ఏలియా ఎంత తిండిపోతో చెప్పి నవ్వారు, ఏడ్చారు, మళ్ళీ నవ్వారు. పాష్టరు గారు దీవెనమ్మని పాడమన్నాడు. అదే పాట. చప్పుడు అన్న మాట దగ్గరికి రాగానే షారోను చెయ్యి చెవి వెనక్కి పోయింది. పోగు కదల్లేదు. దీవెనమ్మ ఆ మాటని సాఫీగా దాటేసింది, గుమ్మం దాటినట్టు. పాట అయ్యేదాకా పోగు కదల్లేదు. మామూలు గొంతు. బాగానే పాడే ఒక ఆడమనిషి గొంతు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ పోయినట్టు లేదు, ఇంకా హాయిగా ఉన్నట్టుంది. ఒకామె తలూపుతూ, "ఇన్నాళ్ళకి తెరిపిగా పాడింది పిల్ల" అంది. అంతమందిలో ఏదో పోగొట్టుకున్నది షారోను ఒక్కతే.

దీవెనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏదో చెప్పింది. ఆ మాట షారోనుకి గోడవతల నుంచి వచ్చినట్టుంది. మళ్ళీ చెప్పించుకుంది.

"మీ నాయన పోయినప్పుడు ఆదరణకి ఉండలేదని చెప్పావు గదక్కా. ఆయన పేరు చెప్పు. అందరూ ఉండగానే నీకూ ప్రార్థన చేయిస్తా. నీకు కూడా ఎవరో ఒకరు కళ్ళు తుడవాల గదా."

ఆ మాటతో షారోనుకి తెలిసింది, పోగు తన దగ్గరే ఎందుకు నిజం చెప్పిందో. ఆదరణ దొరకని గొంతుకే ఆదరణ దొరకని గొంతు వినపడుతుంది. ఎస్తేరమ్మ అప్పటికే చెయ్యి చాపింది, తల మీద పెట్టడానికి. గరుకు చెయ్యి, గోంగూర వాసన. ఒక్క అంగుళం ముందుకి వంగితే చాలు. ఇన్నేళ్ళ బరువు అక్కడే దిగిపోయేది. జెమీమా మాట మాటలా వినపడేది.

జేబులో ఫోను మోగింది. శశిభూషణ్. షారోను లేచి పక్కకి వెళ్ళింది.

ఆయన దీవెనమ్మ గొంతు గురించి అడిగాడు. పోయిందని చెప్పింది. ఆయన కాస్సేపు బాధపడ్డాడు, నిజంగానే. తర్వాత ఉత్సాహంగా చెప్పాడు. ఈ కేసు వల్ల ఎక్కడ వెతకాలో తేలిపోయిందన్నాడు. పోటీల్లో, పాఠశాలల్లో వెతకడం దండగ. పడవ మునిగి మనుషులు దొరకని ఊళ్ళు, గనులు కూలిన ఊళ్ళు, వరదకి కొట్టుకుపోయిన పేటలు. అన్నిటి పేర్లూ సేకరిస్తున్నామన్నాడు. అట్లాంటి చోట్లకి తక్కువేమీ లేదన్నాడు. "మీరు తప్ప ఎవరూ వినలేరు. వెళ్తారు గదా?"

ఈ దేశంలో పాట కావాలంటే శవం దొరక్కూడదన్నమాట. దొరక్కుండా చూసేవాళ్ళకి కొరత లేదు. ఇప్పుడు వాళ్ళకి వెనకనుంచి కంపెనీ కూడా తోడు.

వెనక్కి తిరిగి చూసింది. చాపల మీద తను కూర్చున్న చోటు ఇంకా ఖాళీగానే ఉంచారు. ఎస్తేరమ్మ అటే చూస్తోంది. అక్కడికి వెళ్ళి కూర్చుంటే పోగు రాయి అయిపోతుంది. ఇంకో చెవి దొరికేదాకా శశిభూషణ్ ఊరుకోడు. దొరికిన చెవి ఆ గొంతుల్ని లాబుకి పట్టివ్వదని ఎవరికి తెలుసు?

"వెళ్తాను సర్," అంది.

చెప్పులేసుకుని, దీవెనమ్మకి చెప్పకుండానే రోడ్డెక్కింది. వెనక పాట మళ్ళీ మొదలైంది. ఎవరు పాడుతున్నారో పోల్చుకోలేకపోయింది.

కొన్నాళ్ళకి, గోదావరి ఒడ్డున పడవ మునిగిన ఊళ్ళో ముసలాయన ఒకడు వల బాగు చేసుకుంటూ తనలో తను పాడుకుంటున్నాడు. పేరు పోలయ్య. షారోను రేవు మెట్ల మీద దూరంగా కూర్చుని వింది. పోగు కొట్టింది, గట్టిగా. ఆమె చెయ్యి చెవి దాకా వెళ్ళలేదు. ఇక్కడ ఎవరూ లేరని లాబుకి చెప్పేసింది. ఆయన గొంతు నీళ్ళ మీద పాకి వస్తోంది. నాన్న బతికుంటే బాసింపట్టు వేసుకుని వినేవాడు. ఇట్లాంటి గొంతు ఇంకెవరికీ లేదు. ఇది పోతే పోయినట్టే. ఆమె పోయే ఊరల్లా ఇంతే. వెతుక్కుని వెతుక్కుని వెళ్ళి, వాళ్ళని ఆదరించి, తనకి ప్రాణమైన దాన్ని తన చేత్తోనే ఆర్పుకుంటూ రావడం.

పాట అయిపోయింది.

"ఇంకొక్కసారి పాడవా తాతా," అంది.

ముసలాయన వింతగా చూశాడు. "దీన్నెవరు వింటారమ్మా?" అంటూనే మళ్ళీ పాడాడు. షారోను కళ్ళు మూసుకుని, ఆయన తీసిన ఒక్క ఊపిరి కూడా వదలకుండా, ఆఖరిదాకా వింది. తర్వాత మెట్లు దిగి వెళ్ళి, వల రెండో కొస చేతిలోకి తీసుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీ వాళ్ళెవరు దొరకలేదు తాతా?"

పోలయ్య చేతిలో వల ఆగింది. నీళ్ళ వైపు చూశాడు.

"చిన్నదమ్మా," అన్నాడు. "మా మనవరాలు."

"పేరు చెప్పు," అంది షారోను.